వోల్డెమార్ట్ ప్రాణం, మాయల ఫకీరు చిలక: ఫాంటసీ కథల్లో ఆధ్యాత్మికం దాచిపెట్టారా, మనమే చూసుకుంటున్నామా?

గాలిగోపురం
అందరికీ నమస్కారం. మా అన్న కూతురు ఏడో తరగతి. సెలవుల్లో హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలూ నమిలేసి ఇప్పుడు లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మీద పడింది. ఈ మంత్రాలూ మంత్రగాళ్లూ పిల్ల బుర్రలో ఏం నింపుతారోనని వదినకు టెన్షన్ పట్టుకుంది. పైకి మాయలే గానీ లోపలున్నదంతా ఆధ్యాత్మికమే వదినా అని సర్దిచెప్పాను. ఇప్పుడు రుజువు చూపించమంటోంది.

నాకు తోచింది రాస్తున్నా. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం పేరులోనే పరుసవేది ఉంది. వేమన కథలో మనం వినే పరుసవేదే. ఐరోపా రసవాదులు లోహం బంగారంగా మారడానికి నలుపు, తెలుపు, ఎరుపు అని మూడు దశలు చెప్పేవారు. మనిషి లోపల జరిగే మార్పుకు కూడా అవే గుర్తులు అనేవారు. ఇప్పుడు పాత్రల పేర్లు చూడండి. సిరియస్ బ్లాక్ నలుపు. అల్బస్ డంబుల్‌డోర్ తెలుపు, లాటిన్‌లో అల్బస్ అంటే అదే. రూబియస్ హాగ్రిడ్ ఎరుపు, అదీ లాటినే. బ్లాక్ ఐదో పుస్తకంలో పోతాడు, డంబుల్‌డోర్ ఆరులో. వరస కూడా అదే! పరుసవేది తయారుచేసినవాడిగా వచ్చే నికొలస్ ఫ్లమెల్ కూడా కల్పన కాదు, పారిస్‌లో బతికి 1418లో పోయిన మనిషి. ఇదంతా ఊరికే కుదిరిందంటారా? మీకు తెలిసినవీ చెప్పండి, లిస్టు కట్టి వదినకు చూపిస్తా.

రేణిగుంట_జంక్షన్
అన్నా, మా వీధిలో నల్లోడు, తెల్లోడు, ఎర్రోడు ముగ్గురూ ఉండారు. ముగ్గురూ కలిసి ఇంతవరకు గుండుసూదంత బంగారం చేసింది లేదు. కథను కథలా వదిలెయ్ సామీ.

చిత్తూరు_బెల్లం
అసలు సంగతి ఎవరూ చెప్పడం లేదు. ఇవన్నీ మన దగ్గర కొట్టేసినవే. హ్యారీ పాటర్‌లో విలన్ వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి ఒక్కో వస్తువులో దాచాడు. మన మాయల ఫకీరు ఏడు సముద్రాల అవతల చిలకలో దాచలేదా? బాలనాగమ్మ కథ విననివాళ్లు మన పక్క ఎవరైనా ఉన్నారా? 1942లోనే సినిమా కూడా వచ్చింది. పైగా ఏడు ముక్కలంట. ఏడు కొండలు, ఏడు చక్రాలు. ఇంకేం కావాలి?

రేణిగుంట_జంక్షన్
లెక్క సరిగ్గా చెయ్ అబ్బయా. డైరీ, ఉంగరం, లాకెట్, కప్పు, కిరీటం, పాము. కావాలని దాచినవి ఆరు. ఒంట్లో మిగిలింది ఏడోది. వాడికే తెలియకుండా హ్యారీలో దూరింది ఎనిమిదోది. ఎనిమిదో కొండ ఎక్కడుందో చూపించు, బస్సు టికెట్ నేను తీయిస్తా.

ఎస్వీయూ_పాతకాపు
బెల్లం గారూ, చిలక పోలిక పక్కాగా కుదిరింది. కొట్టేశారన్న మాటే నిలవదు. రష్యా జానపద కథల్లో కోషెయ్ అనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం సూది మొనలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో, ఆ పెట్టె ఎక్కడో దీవిలో చెట్టు కింద. నార్వేలో గుండెను ఇలాగే దాచుకున్న రాక్షసుడున్నాడు. జానపద కథలను వర్గాలుగా విడదీసిన అంతర్జాతీయ సూచికలో ఈ రకానికి 302 అని నంబరే ఉంది. మానవశాస్త్రవేత్త జేమ్స్ ఫ్రేజర్ 'గోల్డెన్ బౌ' అనే పుస్తకంలో ఒంటి బయట దాచిన ప్రాణం మీద విడిగా రాశాడు, మన దేశపు కథలనూ అందులో చేర్చాడు. ఎవరిది ఎవరు తీసుకున్నారో తేల్చడం ఎవరి తరమూ కాదు.

నా ఆసక్తి వేరే చోట ఉంది. ఫకీరు, కోషెయ్, వోల్డెమార్ట్, ముగ్గురిదీ ఒకటే జబ్బు, చావు భయం. ప్రాణాన్ని ఎంత దూరం దాచితే అంత క్షేమం అనుకుంటారు. బాలనాగమ్మ కొడుకు బాలవర్ధిరాజు చేతిలో చిలక రెక్క విరిగితే ఫకీరు చెయ్యి విరుగుతుంది. హ్యారీ పాటర్ రాసిన రౌలింగ్ దీనికి ఒక మెలిక కలిపింది. ముక్క చేయాలంటే ముందు ఒక హత్య చేయాలి. చేసిన ప్రతిసారీ వాడిలో మనిషి తగ్గిపోతూ వస్తాడు, ఆఖరుకు ముఖం పాము ముఖంలా తయారవుతుంది. రంగుల పేర్లు తీసేసి వేరే పేర్లు పెట్టండి, కథకు వచ్చే నష్టం లేదు. ఈ ముక్కల సంగతి తీసేయండి, కథే లేదు. ఆధ్యాత్మికం వెతికేవాళ్లు అలా తీయడానికి వీల్లేని చోట వెతకాలని నా అభిప్రాయం.

పుత్తూరు_కట్టు
చావు భయం అన్నారు కాబట్టి నాదీ ఒకటి. చివరి పుస్తకంలో ముగ్గురు అన్నదమ్ముల కథ వస్తుంది. మృత్యువు వరాలిస్తానంటే పెద్దోడు ఓటమి లేని మంత్రదండం అడుగుతాడు, నడిమోడు పోయినవాళ్లను పిలిచే రాయి, చిన్నోడు కప్పుకుంటే కనబడని దుప్పటి. మొదటి ఇద్దరూ తొందరగానే పోతారు. చిన్నోడు ముసలితనం వచ్చాక తనే దుప్పటి తీసి కొడుక్కిచ్చి, మృత్యువును పాత స్నేహితుడిని పలకరించినట్టు పలకరించి వెంట వెళతాడు. నాకు కఠోపనిషత్తు నచికేతుడు గుర్తొచ్చాడు. అక్కడా మూడు వరాలే. చావు తర్వాత ఏముందో చెప్పమని పిల్లోడు పట్టుబడితే యముడు ఏనుగులిస్తా, గుర్రాలిస్తా, నూరేళ్లు బతికే కొడుకుల్నిస్తా అని బేరం పెడతాడు. నచికేతుడు కదలడు.

అయితే రౌలింగ్ చెప్పుకున్నది ఉపనిషత్తు పేరు కాదు, ఇంగ్లీషు కవి చాసర్ పేరు. చావును చంపుతామని బయలుదేరిన ముగ్గురు తాగుబోతులు బంగారం దొరికి ఒకరినొకరు చంపుకునే కథ అది. ఆ కథకు ఇంకా పాత రూపం బౌద్ధ జాతకాల్లో, వేదబ్భ జాతకంలో ఉంది.

చిత్తూరు_బెల్లం
చూశారా! తిరిగి తిరిగి మన గుమ్మంలోకే వచ్చింది. పుత్తూరన్నా, నీ కట్టుకు ఎముక అతుక్కున్నట్టే.

మదనపల్లె_టమాటా
మా ఊరి వాటా కూడా చెప్పనీయండి. ఇక్కడ అనీబిసెంట్ పేరు మీద 1915లో పెట్టిన దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వారి కాలేజీ ఉంది. తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిందీ ఈ ఊళ్లోనే. దానికీ ఫాంటసీకీ ఏంటి సంబంధం అంటారా? ఓజ్ మాంత్రికుడి కథ 1900లో రాసిన ఫ్రాంక్ బామ్ అంతకు ఎనిమిదేళ్ల ముందే షికాగోలో దివ్యజ్ఞాన సమాజంలో చేరాడు. అతను చేరిన శాఖ పేరేంటో తెలుసా? 'రామాయణ'.

కథ చూడండి. బుర్ర కావాలనే దిష్టిబొమ్మ, గుండె కావాలనే రేకు మనిషి, ధైర్యం కావాలనే సింహం. దారి పొడుగునా ఉపాయాలు చెప్పేది ఆ దిష్టిబొమ్మే, పురుగును తొక్కానని ఏడ్చేది ఆ రేకు మనిషే. మహా మాంత్రికుడని అందరూ వణికేవాడు తెర పక్కకి పడగానే మామూలు ముసలాయన. ఇల్లు చేరాలని వీళ్లతో నడిచే పిల్ల డొరతికి ఇల్లు చేరే శక్తి మొదటినుంచీ కాళ్లకున్న వెండి చెప్పుల్లోనే ఉంది. ఈ కథ వచ్చిన 29 ఏళ్లకు, 1929లో, తనను జగద్గురువుగా నిలబెట్టడానికి దివ్యజ్ఞాన సమాజం పెద్దలు కట్టిన సంస్థను కృష్ణమూర్తి తనే రద్దు చేసేశాడు. ఓజ్ మాంత్రికుడికన్నా నయం, తెర తనే తీశాడు.

గాలిగోపురం
ఇదీ నాకు కావాల్సింది! వాళ్లు నడిచే పసుపు ఇటుకల దారి అంటే మోక్షమార్గం, సందేహమే లేదు. లిస్టులో వేసేస్తున్నా.

మదనపల్లె_టమాటా
కాస్త ఆగన్నా. 1964లో హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే అమెరికా స్కూలు టీచరు అదే పుస్తకానికి ఇంకో తాళంచెవి తీశాడు. పసుపు దారి అంటే బంగారాన్ని బట్టి డబ్బు విలువ కట్టే పద్ధతి. వెండి చెప్పులు అంటే వెండి నాణేలు కూడా కావాలన్న రైతుల ఉద్యమం. దిష్టిబొమ్మ రైతు, రేకు మనిషి ఫ్యాక్టరీ కూలీ. అదీ చక్కగానే అతికింది. ఆయన దాన్ని క్లాసులో పాఠం చెప్పుకోవడానికి వాడుకుంటే జనం రచయిత మనసులో మాట అదేనని ప్రచారం చేశారు. బామ్ ఆ ఉద్యమం మనిషి అనడానికి ఆధారం లేదని తర్వాత ఆయనే చెప్పాల్సొచ్చింది. ఇక 1939 సినిమాలో చెప్పులు రంగుల తెర మీద బాగా కనబడాలని కెంపుల చెప్పులు చేశారు. వెండి పోయినా కథ చెక్కుచెదరలేదు.

నీ మోక్షమార్గం ఇంకొకరికి రిజర్వు బ్యాంకు. లిస్టులో ఏది వేస్తావు?

కలంకారి_అక్క
నలుపు, తెలుపు, ఎరుపు అన్నారు కదా, నవ్వొచ్చింది. మా శ్రీకాళహస్తి కలంకారిలో కూడా అవే రంగులు. గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతాం. బెల్లం, పాత ఇనప ముక్కలు కుండలో రోజుల తరబడి నానబెట్టిన నీళ్లతో గీత గీస్తాం. గీసేటప్పుడు ఆ నీళ్లు పలచగా, రంగే లేనట్టుంటాయి. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లగా తిరుగుతాయి. తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటిక పూసి, వేళ్లూ చెక్కా వేసిన నీళ్లలో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎర్రబడుతుంది. పేడనీళ్లలో నానేసి, ఏటి నీళ్లలో ఉతికి ఎండేస్తే మిగతా గుడ్డ తెల్లబడుతుంది. పసుపు, నీలం ఆ తర్వాత. నల్లగీత ముందు పడటానికి కారణం రసాయనం. మోక్షానికి ఇందులో పనిలేదు.

ఇంకోటి. మా బొమ్మల్లో దేవుడికి నీలం, ఆడవాళ్లకు పసుపు, రాక్షసులకు ఎరుపు. చదువురాని ముసలమ్మ కూడా దూరం నుంచే ఇతను రాముడు, వాడు రావణుడు అని చెప్పేస్తుంది. గుర్తులున్నది అందరికీ తెలియడానికి. తెలివైనవాళ్లు నలుగురు కూర్చుని విప్పాల్సిన గుర్తయితే అది గుర్తెలా అవుతుంది?

చిత్తూరు_బెల్లం
అక్కా, నీ పనిలో బెల్లం ఉందన్న మాట చాలు నాకు. మిగతా వాదన అంతా ఒప్పుకోను. ఆళ్వార్ల పాటలు, అన్నమయ్య శృంగార కీర్తనలు తీసుకో. పైకి నాయిక నాయకులు, లోపల జీవాత్మ పరమాత్మ. పెద్దలు విప్పి చెప్పకపోతే మనకు తెలిసేదా?

కలంకారి_అక్క
తెలియకపోయినా పాట పాడుకున్నారుగా తమ్ముడూ. పాడేవాళ్లకు ముందు విరహం తెలియాలి. అది తెలియకుండా పరమాత్మ అని అర్థం ఒక్కటీ పట్టుకుంటే ఏం మిగిలింది?

గాలిగోపురం
వాదన బాగుంది గానీ వదిన ఇంకో మాట పట్టుకొచ్చింది. అమెరికాలో చర్చి వాళ్లే హ్యారీ పాటర్‌ను మంత్రవిద్య అని తగలబెట్టారట కదా, మరి నువ్వు ఆధ్యాత్మికం అంటావేంటి అని. ఏం చెప్పను?

ఎస్వీయూ_పాతకాపు
నిజమే. 2001 డిసెంబరులో న్యూ మెక్సికో రాష్ట్రం అలమగోర్డోలో ఒక చర్చి వాళ్లు తగలబెట్టారు. ఆరేళ్లకు చివరి పుస్తకం వచ్చింది. అందులో హ్యారీ తన తల్లిదండ్రుల సమాధి దగ్గరికి వెళితే రాతి మీద చెక్కి ఉన్న వాక్యం, చిట్టచివర నశించే శత్రువు మరణమే అన్నది, బైబిల్‌లోని కొరింథీయుల పత్రికది. డంబుల్‌డోర్ కుటుంబం సమాధి మీద ఉన్నది మత్తయి సువార్తది. ఆ రెండు వాక్యాలూ మొత్తం ఏడు పుస్తకాలకూ దాదాపు సారం అని రౌలింగ్ 2007లో విలేకరులతో చెప్పింది. ముందే చెబితే కథ ఎటు పోతుందో తెలిసిపోతుందని అప్పటిదాకా ఆ ఊసెత్తలేదు. మీ వదినకు ఇది చెప్పండి, రంగుల లిస్టుకన్నా పనికొస్తుంది.

లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్ సంగతి ఇంకా చిత్రం. కాథలిక్ భక్తుడు. తన పుస్తకం ప్రాథమికంగా మతపరమైనదేనని, కాథలిక్ రచనేనని 1953లో ఒక ఫాదర్‌కు ఉత్తరం రాశాడు. రెండో ముద్రణ ముందుమాటలోనేమో ఒక్కో పాత్రకు ఒక్కో అర్థం అంటగట్టే రకం కథలంటే తనకు గిట్టదని రాశాడు. రెండూ ఆయన మాటలే. ఆ కథలో దుష్టుడి ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్లే బృందం రివెండెల్ అనే చోటి నుంచి బయలుదేరేది డిసెంబరు 25న, ఉంగరం నాశనమయ్యేది మార్చి 25న. మొదటిది క్రిస్మస్ అని అందరికీ తెలుసు. రెండోది దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండగ రోజు. ఇది దాచిపెట్టిన గుర్తే, ఒప్పుకుంటాను. కానీ ఆ తేదీలు తెలియకుండా చదివిన కోట్లమందికి ఏ లోటూ రాలేదు.

లోటు వచ్చేది ఎక్కడంటే, అగ్నిపర్వతం అంచున, ఉంగరం మోసుకొచ్చిన హాబిట్ (మరుగుజ్జు) ఫ్రోడో దాన్ని మంటలో పడేయడు. అన్ని కష్టాలు పడి, అంత దూరం మోసుకొచ్చి, చివరి అడుగులో ఇది నాదే అంటాడు. ఓడిపోతాడు. ఆ ఉంగరం కోసమే వెంటపడుతున్న గొల్లుమ్ వచ్చి వేలు కొరికి ఉంగరం లాక్కుని, ఆ సంబరంలో కాలుజారి మంటలో పడితే లోకం బయటపడింది. గొల్లుమ్‌ను చంపడానికి ఎన్నో అవకాశాలొచ్చినా, అంతకుముందు ఉంగరం దగ్గరున్న బిల్బో వదిలేశాడు, ఫ్రోడో వదిలేశాడు. ఆ దయ లేకపోతే ఆ రోజు గొల్లుమ్ అక్కడ ఉండేవాడే కాదు. దీన్ని తీసేయండి చూద్దాం.

మెట్లదారి
సార్, ఇది చదివాక ఊరుకోలేకపోయాను. తిరుపతిలో పుట్టినవాళ్లకు గజేంద్ర మోక్షం ఘట్టం చెప్పనక్కరలేదు. గజేంద్రుడు మొసలితో ఏళ్ల తరబడి పెనుగులాడి, ఒంట్లో సత్తువంతా అయిపోయాక కదా 'లావొక్కింతయు లేదు' అన్నది. తన బలం ఉన్నంతసేపు విష్ణువు రాలేదు. ఫ్రోడో కథ కూడా శరణాగతే.

రేణిగుంట_జంక్షన్
ఇక్కడ పట్టుకున్నా స్వామీ మిమ్మల్ని. గజేంద్రుడు పిలిచినాడు. ఫ్రోడో ఎవర్నీ పిలవలేదు. పైగా ఉంగరం నాదన్నాడు. ఏనుగు మొసలితో రాజీపడి నేనూ మొసలినే అన్నట్టు ఉంది అది. దీన్ని శరణాగతి అంటే పోతన ఊరుకోడు.

మెట్లదారి
మంచి పట్టే పట్టావు తమ్ముడూ. మా శ్రీవైష్ణవ పెద్దలూ సరిగ్గా దీని మీదే వడగల, తెంగల అని రెండుగా చీలారు. వడగల వారిది కోతిపిల్ల లెక్క. తల్లి దూకుతుంటే పిల్లే గట్టిగా కరుచుకోవాలి. తెంగల వారిది పిల్లికూన లెక్క. కూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని పోతుంది. గజేంద్రుడు కోతిపిల్ల అనుకో. ఫ్రోడో పిల్లికూన, అదీ గోళ్లతో రక్కుతున్న కూన. అయినా మోసుకెళ్లారు. టోల్కీన్‌కు మన ఆచార్యులు తెలుసని నేననడం లేదు. మనిషి ప్రయత్నం ఎక్కడ ఆగుతుందన్న ప్రశ్న ఆయనకూ ఎదురైంది, అంతే.

తాతయ్యగుంట
నాకు ఫ్రోడోకన్నా ఆ ఉంగరం చేసిన దుష్టుడు సౌరాన్ మీద ఎక్కువ ఆలోచన. మా తిరుపతి గంగమ్మ జాతర చూసినవాళ్లకు వెంటనే తగులుతుంది. ఆడపిల్లల్ని చెరిచే పాలెగాడు గంగమ్మ చెయ్యి పట్టుకున్నాడు, ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని వెతుకుతూ ఆమె రోజుకో వేషం వేసింది. బైరాగి వేషానికి రాలేదు. బండ వేషానికి రాలేదు. తోటి వేషానికి రాలేదు. దొర వేషంలో వస్తే మాత్రం, ఎవరో పెద్ద దొర వచ్చాడు, మర్యాద చేయాలని బయటికొచ్చాడు. తల తెగింది. మరుసటి రోజు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదార్చింది కూడా.

సౌరాన్ కూడా అంతే. వాడి కంటికి దొరలే కనబడతారు. ఉంగరాన్ని ఎవడో ఒక రాజో, మంత్రగాడో వేలికి పెట్టుకుని తన మీదికొస్తాడని చూస్తున్నాడు. దాన్ని పారేయడానికే ఇద్దరు మరుగుజ్జులు గుమ్మం దాకా వచ్చారని వాడి ఊహకే అందలేదు. బైరాగి వేషం వాడికి కనబడలేదు. ఇక్కడ ఈ కథకు ఎవరూ అర్థం విప్పి చెప్పరు. కైకాల కులం వాళ్లు వేషం కడతారు, వీధిలో పిల్లలు వెంటపడతారు, జనం బూతులు తిడతారు, ఆఖర్న అమ్మవారి మట్టి రూపం చెంప తొలగించగానే ఆ మట్టి కోసం తొక్కిసలాట. మా ఇంట్లో ఇప్పటికీ ఆ మట్టి కుంకుమ భరిణెలో ఉంటుంది.

పుత్తూరు_కట్టు
ఈ సౌరాన్, పాలెగాడు పోలిక నేనెక్కడా చదవలేదు. అదిరింది అక్కా.

మదనపల్లె_టమాటా
గాలిగోపురం అన్నా, పాపకు తర్వాత ఉర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ మొదటి పుస్తకం ఇవ్వండి, 1968ది. గెడ్ అనే కుర్రోడు గొప్ప కోసం చేయకూడని మంత్రం చేసి ఒక నీడను లోకంలోకి వదులుతాడు. సగం కథ దాన్నుంచి పారిపోవడం, సగం దాన్ని తరమడం. చివరకు ఎదురుపడి దాన్ని తన పేరుతోనే పిలుస్తాడు. యుద్ధం లేదు, గెలుపు లేదు. లె గ్విన్ చైనా తత్వవేత్త లావోజు భక్తురాలు, ఆయన పేరుతో ఉన్న దావ్ దె జింగ్ గ్రంథాన్ని తనే ఇంగ్లీషులోకి తెచ్చింది. కానీ పుస్తకం ఇచ్చేటప్పుడు ఈ ముక్క పాపకు చెప్పొద్దు.

గాలిగోపురం
చెప్పను. వదిన ప్రస్తుతానికి శాంతించింది, సమాధి రాళ్ల సంగతి పనిచేసింది. ఇప్పుడు తనే రెండో భాగం పట్టుకుని కూర్చుంది, పాప పుస్తకం కోసం గొడవ చేస్తోంది.

రేణిగుంట_జంక్షన్
నన్ను ఒకటి పీకుతోంది సార్. దయ దయ అంటున్నారు, ఫలితం ఫ్రోడోకూ లోకానికీ వచ్చింది. గొల్లుమ్‌కు ఏమొచ్చింది? వాడు మంటలో పడ్డాడు. పిల్లికూనను మోసిన తల్లి వాణ్ని ఎందుకు మోయలేదు?

ఎస్వీయూ_పాతకాపు
కథను కథలా వదిలెయ్ అన్నది ఎవరో! రెండో భాగం చివర్లో కిరిత్ ఉంగోల్ మెట్ల దగ్గర ఘట్టం చూడు. ఫ్రోడో, అతని తోడు వచ్చిన సేవకుడు సామ్ నిద్రలో ఉంటారు. గొల్లుమ్ వచ్చి చూస్తూ నిలబడతాడు. వాడి కళ్లలో ఆ కసి ఆరిపోతుంది, అలసిపోయిన ముసలి హాబిట్‌లా కనబడతాడు. వణుకుతున్న చెయ్యి చాపి ఫ్రోడో మోకాలిని మెల్లిగా ముట్టుకుంటాడు. ఆ క్షణాన సామ్ లేచి, ఏం దొంగపని చేస్తున్నావురా అని కసురుతాడు. అంతే, వాడు మళ్లీ పాత గొల్లుమ్. మొత్తం కథలో తనకు అన్నిటికన్నా విషాదంగా తోచేది బహుశా ఇదేనని టోల్కీన్ ఒక ఉత్తరంలో రాశాడు. వాణ్ని మోయడానికి తల్లి వచ్చింది, సామ్ తలుపేశాడు.

చిత్తూరు_బెల్లం
సామ్‌ను ఒక్క మాటన్నా ఊరుకోను సార్. అన్నం నీళ్లు మానేసి యజమానిని వీపున మోసినవాడు. రాత్రంతా కాపలా కాసి కునుకు తీస్తే, లేచేసరికి దొంగ ఎదురుగా ఉంటే ఎవడైనా కసరడా?

మెట్లదారి
కసురుతాడు బెల్లం. నేనైనా కసురుతాను. లక్ష్మణుడైనా కసురుతాడు, విభీషణుడు వస్తే వానరసేన అంతా అనుమానపడలేదా? సుగ్రీవుడైతే చంపేద్దామన్నాడు. అక్కడ రాముడు మేలుకుని ఉన్నాడు. ఇక్కడ ఫ్రోడో నిద్రలో ఉన్నాడు.

రేణిగుంట_జంక్షన్
ఇది వేరే టాపిక్ తెరవండి స్వామీ, సామ్ తప్పా కాదా అని. నేను సామ్ పక్క.